పల్లానికి తూము
(నడికట్ట – పదకొండో భాగం)

యాభై రెండో సంవత్సరం, డిసెంబరు తొమ్మిదో తేదీ. ఆ రోజు హజరత్తయ్య తిన్నది రెండు ముద్దల మెత్తటి అన్నం, మట్టగిడసల పులుసు. తిన్నాడనడం కంటే నాకాడనడం నిజం. జావ తప్ప ఇంకేదీ పెట్టొద్దని డాక్టరు చెప్పిపోయాడు. కానీ పొయ్యి మీద పులుసు వాసన మంచం దాకా పోయింది. "ఒక్క చుక్క" అని ఆయన వేలు చూపించాడు. పెద్దకూతురు వెంకటశేషమ్మ గిన్నె పట్టుకుని పక్కన కూర్చుంది. ఊపిరాడక రోజుల తరబడి నిద్రలేని మనిషి, పులుసు నాలుక్కి తగలగానే కళ్లు మూసుకుని కాస్త నవ్వాడు. కొడుకు జయరామయ్య ఆ నవ్వును తర్వాత ఎన్నోసార్లు తలుచుకున్నాడు. పోయేముందు ఆ మాత్రం రుచి దక్కింది, అంతే చాలనుకున్నాడు.

"చేప యాడిది?" అని అడిగాడు హజరత్తయ్య.

"పల్లంలోది నాయనా. చిన్నపోలయ్య తెచ్చిచ్చినాడు."

ఆయన ఇంకో చుక్క చప్పరించాడు. తర్వాత కూతురి చెయ్యి పట్టుకుని, "పల్లానికి తూము ఇయ్యాల. మరవబాకండి" అన్నాడు. పొద్దుగూకే లోపల పోయాడు.

వెంకటశేషమ్మ మరవలేదు. అప్పటినుంచి ప్రతి ఏడూ మార్గశిర బహుళంలో తండ్రి తిథి నాడు చిన్నపోలయ్య ఇంటినుంచి మట్టగిడసలు వస్తాయి. ఈ ఇంటినుంచి తూము వడ్లు పోతాయి. కొలిచే పని ఆమె ఎవరికీ ఇవ్వదు. గాదెలోంచి పాత వడ్లు తీసి, చెరిగి, మట్టిగడ్డ ఏరి, కుంచం మీద గుబ్బగా నిలిచేట్టు పోసి, నాలుగు కుంచాలూ పోలయ్య భార్య పెంచలమ్మ బుట్టలో తన చేత్తోనే వంచుతుంది. చిన్నవయసులో భర్త పోయి పుట్టింటికి చేరిన మనిషి. ఆ ఇంట్లో ఆమె చేసే పనులు వంద ఉన్నాయి గానీ, తండ్రి తనంతట తాను పిలిచి అప్పజెప్పింది ఇదొక్కటే.

ఈ ఏడు తిథి వచ్చేసరికి పల్లం కనపడటం లేదు. గురువారం పట్టిన ముసురు వదల్లేదు. చుట్టూ ఉన్న మెరక వరికయ్యల నీళ్లన్నీ, పళ్లెం అడుక్కి జారినట్టు, ఆ పల్లంలోకి దిగాయి. నీళ్లు బయటికి పోవాలంటే తూర్పు ఒక్కటే దారి. ఆ తూర్పున హజరత్తయ్య పోయించిన నడికట్ట అడ్డంగా ఉంది. కట్టకు అవతల జయరామయ్య కయ్యలు, వాటిని దాటితే ఉప్పుటేరు. ఒకప్పుడు అమావాస్య పోటుకు ఉప్పునీళ్లు ఎగదన్ని రెండేళ్లు గింజ పండకుండా చేస్తే, అప్పుడు పోసిన కట్ట అది. దానివల్ల ఉప్పు ఆగింది. వాననీళ్లూ ఆగాయి. పల్లంలో చిన్నపోలయ్య వేసిన మొలగొలుకుల వరి మునిగి ఇప్పటికి నాలుగు రోజులు.

కట్టకు గండి కొట్టనివ్వమని పల్లం రైతులు మొన్న వచ్చి అడిగారు. గండి కొడితే ఆ నీళ్లన్నీ జయరామయ్య పైరు మీదుగానే ఏట్లోకి పోవాలి. ఆయన కాదనలేదు, అవుననలేదు. "నాయన తిథి కానియ్యండి. చెప్తాను" అన్నాడు. పోయిన వారం మనం ఆయన్ను వదిలింది ఆ మాట దగ్గరే.

ఆ తిథి ఈ రోజే.

పొద్దున రావలసిన తమ్ముడు మాల్యాద్రి రాలేదు. అతని బదులు తమలపాకులమ్మే నాగూరు వచ్చాడు. మోకాళ్లదాకా బురద, భుజాన సైకిలు, సైకిలు వెనక తడిగుడ్డ చుట్టిన ఆకుల కట్ట.

"ఏం నాగూరూ, అది నిన్ను మోయాల గానీ నువ్వు దాన్ని మోస్తుండావే?" అంది వెంకటశేషమ్మ.

"ఇన్నేళ్లు మోసింది గదక్కా. ఇయ్యాల నా వంతు" అంటూ నాగూరు సైకిలును అరుగుకు ఆనించాడు. "విడవలూరు కాడ రోడ్డు మీద నడుమెత్తు నీళ్లు. బస్సు ఆడనే నిలిచిపోయింది. మాల్యాద్రన్న ఆడనే ఎవురో సావాసగాళ్లింట్లో ఉండాడు. రేపు పొద్దున నడిచైనా వస్తాడంట." ఆగి, జయరామయ్య వైపు చూశాడు. "ఇంకో మాట కూడా చెప్పమన్నాడు. చెప్పేదా?"

"చెప్పు."

"కట్ట మీద పార పడితే అన్నా లేదు తమ్ముడూ లేదన్నాడు. నేను అనలేదన్నా. ఆయన అన్నాడు."

"నువ్వు అనలేదులే నాగూరూ. పది ఆకులిచ్చిపో."

కట్టకు అవతల కయ్యల్లో సగం మాల్యాద్రివి. అతను నెల్లూరులో కొలువు చేస్తూ, సేద్యం అన్న చేతిలో పెట్టాడు. తనకు వచ్చే వడ్లలో ఒక్క బస్తా తగ్గినా ఎందుకు తగ్గిందని అడిగే మనిషి. అడగడం అతని హక్కు కూడా. జయరామయ్య ఆకులు చేతిలో పట్టుకుని వసారాలో చాలాసేపు నిలబడ్డాడు. ఈ వాన తమ్ముణ్ణి ఒక్క రోజు ఆపింది. నాయన తిథి నాడు ఇంట్లో కేకలు లేకుండా చేసింది. ముంచే వానే అయినా ఆ ఒక్క మేలుకు మనసులో దానికి దండం పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం అయింది. చేపలు రాలేదు.

"ఊరంతా చేపలు కొట్టుకొస్తుంటే మనింటికి నాలుగు రాలా" అని వెంకటశేషమ్మ పొయ్యి ముందు గొణిగింది. "ఆ పెంచలమ్మకు మతిమరుపు ముదిరింది."

"వాళ్ల పైరు మునిగుండాదక్కా."

"మునిగితే చేపలు ఇంకా బాగా పడతాయి గదా." అనేసి, తమ్ముడి మొహం చూసి గరిటె కింద పెట్టింది. "నా నోరు మండ. ఏం మాటలో, ఏంటో."

తండ్రి పటం ముందు ఆకు వేసి గారెలు, పాయసం, వంకాయ కూర పెట్టారు. కొత్త పంచె పెట్టారు. "చేప లేంది నాయన ముద్దెత్తడు" అని ఆమె పటానికే చెప్పినట్టు అంది. తర్వాత వసారాలో చాప పరిచి, చెరిగిన వడ్లు పోసి, కుంచం పక్కన పెట్టుకుని కూర్చుంది.

పెంచలమ్మ వచ్చేసరికి మబ్బుకు మధ్యాహ్నమే సాయంత్రంలా ఉంది. గోనెసంచిని తల మీదుగా కొప్పెర వేసుకుంది. కాళ్లు నీళ్లలో నాని తెల్లగా ముడతలు పడ్డాయి.

"రా పెంచలమ్మా. ఇంత పొద్దుపోయిందేందే? బుట్టేదీ?"

"తేలేదక్కా."

"మరి యాడ పోయించుకుంటావు? కొంగులోనా?"

"పోయించుకోను."

వెంకటశేషమ్మ మొహంలో నవ్వు సగంలో నిలిచిపోయింది. చేతిలో కుంచం అట్లాగే ఉంది. "ఏమే, మా వడ్లు ముక్కినాయా? పుచ్చినాయా?"

"మీ వడ్లకేం అక్కా, బంగారం." పెంచలమ్మ సంచి తలమీంచి తీసి స్తంభానికి ఆనుకుంది. ఎవరి మొహమూ చూడకుండా అంది: "ఈ తూము మాకొద్దు. ఆ తూము ఇప్పించండి."

చెయ్యి తూర్పుకు చూపించింది.

"ఏ తూము?"

"కట్టకు తూము. మీ నాయన ఇస్తానన్న తూము."

చూరు నీళ్లు గోలెంలో పడుతున్నాయి. జయరామయ్య మంచం మీంచి లేచి వచ్చాడు. "కూర్చో పెంచలమ్మా. నిదానంగా చెప్పు."

"కూర్చుంటే మళ్లా లేవలేనన్నా. నిలబడే చెప్తాను." ఆమె గొంతులో కోపం లేదు. కోపానికి కూడా కొంచెం ఓపిక కావాలి. "కట్ట పోసేటప్పుడు మా ఆయన మట్టి బండ్ల ముందర అడ్డం పండుకున్నాడు. గుర్తుండాదా నీకు?"

"ఉండాది."

"అందరూ లాగెయ్యమన్నారు. మీ నాయన లాగనీలా. ఆయనే వచ్చి పక్కన గొంతు కూర్చున్నాడు. 'లెయ్యి పోలయ్యా. ఉప్పు రాకుండా కట్ట, నీళ్లు పోయేదానికి తూము. పల్లానికి తూము ఇయ్యకుండా ఉంటానా' అన్నాడు. ఆ మాట మీద మా ఆయన లేచినాడు. కట్ట లేచింది. ఆ వానాకాలమే మీ నాయన మంచాన పడినాడు."

జయరామయ్యకు బండ్ల దగ్గర గొడవ గుర్తుంది. తండ్రి వంగి పోలయ్య చెవిలో ఏదో చెప్పడం దూరంనుంచి చూశాడు. ఏం చెప్పాడో అడగలేదు. హజరత్తయ్య చేయబోయే పని ఇంట్లో చెప్పే మనిషి కాదు. చేశాక చూసుకోవలసిందే.

"మరుసటేడు తిథికి నువ్వు కబురు పెట్టినావక్కా" అని పెంచలమ్మ ఇప్పుడు వెంకటశేషమ్మ వైపు తిరిగింది. "'నాయన పల్లానికి తూము ఇయ్యమని చెప్పిపోయినాడు, పోలయ్యను రమ్మను' అని. మా ఆయన ఎంత మురిసిపోయినాడో! తాపీపనోళ్లు వచ్చుంటారు, చోటు చూపించాల అని పార కూడా కడుక్కుని ఎత్తుకొచ్చినాడు. నేను ఎనకమాలే వచ్చినాను. నువ్వు చాప మీద కూర్చోనుండావు. కుంచం తీసుకోని వడ్లు కొలిచినావు."

వెంకటశేషమ్మ కుంచం చాప మీద పెట్టింది. పెట్టిన చప్పుడు కూడా కాలేదు.

"ఆ పొద్దే చెప్పకూడదా పెంచలమ్మా?"

"ఏమని చెప్పేది? తూము అడిగినోడికి తూము కొలిచి పోస్తిరి. ఎగతాళి చేసినారని ఆయన అన్నాడు. ఎగతాళి కాదులే, లేదని చెప్పలేక పెద్దోళ్లు ఈ దోవ పట్టినారని నేనన్నాను. ఇంటికి పోయిందాకా మళ్లా ఇద్దరం మాట్లాడుకోలా."

"ఎగతాళా!" అంది వెంకటశేషమ్మ. "నాయన నోట్లోంచి విన్నది నేను. ఇంకెవురూ లేరు. నా చెయ్యి పట్టుకోని చెప్పినాడు. తూము అన్నాడు. పల్లానికి తూము ఇయ్యాల అన్నాడు!"

"అన్నాడక్కా" అంది పెంచలమ్మ మెల్లగా. "ఆయన సరిగ్గానే అన్నాడు."

జయరామయ్య స్తంభం పట్టుకున్నాడు. నెల్లూరు కాలేజీలో రెండేళ్లు చదివిన వాడు, ఊళ్లో ఎవరికి అర్జీ రాయాలన్నా తనే రాసేవాడు. ఎనిమిదేళ్లుగా ఈ మాట వింటూ ఒక్కసారైనా తిరగేసి చూడలేదు. కాలవ మీద ఉండేదీ తూమే, గాదె దగ్గర కొలిచేదీ తూమే. పొలంలో మగవాళ్లు అంటే ఒకటి, ఇంట్లో ఆడవాళ్లు అంటే ఇంకొకటి. ఏనాడూ ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే ఏ మాట ఉండే చోట ఆ మాట ఉండేది. ఆ ఒక్క రోజు మాత్రం పొలంలో మాట మంచం మీదికి వచ్చింది. విన్న చెవి గాదె దగ్గరిది. అందులోనూ నోట్లో పోలయ్య ఇచ్చిన చేప రుచి ఉండగా అన్న మాట. చేపకు బదులు వడ్లు ఇయ్యమన్నాడనే ఎవరైనా అనుకుంటారు. తనూ అనుకున్నాడు.

"మరి ఆ వడ్లు?" అని వెంకటశేషమ్మ అడిగింది. అడగకుండా ఉంటే బాగుండునన్నట్టు అడిగింది. "ఏటేటా తీసుకుంటివే."

"ఒక్క గింజ తిననీలేదాయన. పల్లానికని ఇచ్చినవి పల్లానికే అని ప్రతి ఏడూ నారు పోసినాడు." పెంచలమ్మ సంచి మళ్లీ తలకు ఎత్తుకుంది. "ఈ ఏడు మునిగింది కూడా నీ వడ్లేనక్కా."

వెంకటశేషమ్మ చాప మీద పరిచిన వడ్లను రెండు చేతులా మధ్యకు దగ్గరికి చేస్తూ కూర్చుంది. కుప్ప అయ్యాక మళ్లీ పరిచి, మళ్లీ దగ్గరికి చేసింది.

"జయరామన్నా, నేను తగూకు రాలా" అంది పెంచలమ్మ. "పైరు ఇంకో రెండు పొద్దులు ఓర్చుకుంటుంది. ఆపైన కుళ్లిపోతుంది. రేపు తెల్లారి పల్లం వాళ్లు అందరూ పారలు ఎత్తుకోని కట్ట మీదికి వస్తారు. మా ఆయన రాలేడు, దగ్గుతో లెయ్యలేకుండాడు. 'జయరామయ్య రాకుండా కట్ట మీద పార వెయ్యబాకండి' అని అందరితో ఒట్టు పెట్టించుకున్నాడు. నువ్వు వస్తే వేస్తాం."

"రాకపోతే?"

"రాకపోతే ఇండ్లకు పోతాం. ఇంకేం చేస్తాం?"

బెదిరించి ఉంటే జయరామయ్యకు సుఖంగా ఉండేది. బెదిరింపుకు జవాబు చెప్పడం ఎవరికైనా వచ్చు.

"ముందర సందంతా నీళ్లు. పెరట్లోంచి పోతాను" అని ఆమె ఇంటి పక్కనుంచి వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

వంటింట్లో పొయ్యి చల్లారింది. వెంకటశేషమ్మ చాప దగ్గరనుంచి లేవలేదు. జయరామయ్య పెరట్లోకి నడిచాడు.

బావి పక్కన గుడ్డలుతికే బండ మీద నాలుగు మట్టగిడసలు ఉన్నాయి. మొప్పల్లోంచి తుంగపోచ దూర్చి ముడివేసి ఉంది. ఒకటి ఇంకా నోరు తెరిచి మూస్తోంది. ఎప్పుడు పెట్టింది? వస్తూ పెరటి దారినే వచ్చి పెట్టిందో, పోతూ పెట్టిందో తెలియదు. పైరు మునిగి, మొగుడు మంచాన పడి, ఎనిమిదేళ్ల కడుపుమంట చెప్పుకోవడానికి వచ్చిన మనిషి కూడా నాయన చేపలు మరవలేదు. చేతికివ్వడానికి మాత్రం మనసు రాలేదు. జయరామయ్యకు కళ్లు తడిశాయి. చూసేవాళ్లెవరూ లేరు గనక తుడుచుకోలేదు.

బిందెతో నీళ్లు ముంచి చేపల మీద పోశాడు. నురగ, జిగట, ఒకటి రెండు పొలుసులు బండ మీద పారి, మధ్యలో ఉన్న గుండ్రటి బొక్కలోకి గుడగుడమని దిగిపోయాయి.

ఆయన బిందె పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు.

బతికున్నప్పుడు భార్య కామాక్షమ్మ ఒకసారి అడిగింది. "ఈ బండకు బొక్కెందుకండీ?" అని, తడి చీర పిండుతూ. "నీ సబ్బు పడిపోయేదానికి" అన్నాడు తను. ఆమె నవ్వింది. ఆ వారంలోనే నిజంగా సబ్బు పడిపోతే, వంగి చెయ్యి పెట్టి వెతుకుతూ మళ్లీ నవ్వింది. ఆమె పోయాక ఈ బండ వైపు ఆయన ఎక్కువగా చూడలేదు. బండ ఎట్లా వచ్చిందో మాత్రం బాగా తెలుసు. తండ్రి మంచాన పడబోయే ముందు ఒక రోజు ఒంటెద్దు బండి మీద వేయించుకొచ్చి బావి పక్కన దింపించాడు. "ఎందుకు నాయనా?" అంటే "పని ఉండాది" అన్నాడు. ఆ పని చేయడానికి ఆయన లేవలేదు. దింపిన చోట బండ ఉండిపోయింది. చదునుగా ఉంది, నీళ్లు పోవడానికి బొక్క కూడా ఉంది, ఆడవాళ్లకు సుఖంగా ఉంది.

జయరామయ్య తడి నేల మీద మోకాళ్లూని బొక్కలోకి చెయ్యి పెట్టాడు. అడుగున అంచు చుట్టూ వేలెడు వెడల్పున మెట్టులాగా చెక్కి ఉంది. కొయ్య బిరడా కూర్చునే చోటు. పోటు వచ్చినప్పుడు మూసి, వాన వచ్చినప్పుడు తెరిచేందుకు.

"చేపలా?" వెనకనుంచి వెంకటశేషమ్మ గొంతు.

"పెంచలమ్మ పెట్టిపోయింది."

"చెయ్యెందుకు అందులో పెట్టినావు?" అడగడమైతే అడిగింది గానీ, ఆమె చూపు బొక్క మీదికి, బొక్కలోంచి కారిపోతున్న నీళ్ల మీదికి పోయింది. బావి గట్టు మీద కూలబడింది. "అబ్బయ్యా, ఇది..."

"తూము రాయక్కా."

ఆమె అంది: "ఇంటికి తెచ్చి నా కళ్ల ముందర పెట్టినాడు. నేను దాని మీద సబ్బు రుద్దినాను." అని ఒకసారి నవ్వింది. నవ్వు ఏడుపులోకి జారబోతుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏడాదికొకసారి నాలుగు కుంచాలు కొలిచి, నాయన మాట నిలబెడుతుండాను అనుకుంటిని. ఎంత పొగరుగా కొలిచేదాన్నిరా!"

"పొగరు కాదక్కా. నాయన మీద ప్రేమ."

"రెండూ ఉండాయిలే" అని కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడు దీన్ని కట్టలో పెట్టలేమా?"

"నీళ్లు ఒత్తుతుంటే రాయి నిలవదు. ముందు గండి కొట్టాల. నీళ్లు దిగినాక రాయి నిలబెట్టి, చుట్టూ మట్టి పోసి, అమావాస్య లోపల మూసెయ్యాల. మూయలేకపోతే పోటుకు ఉప్పునీళ్లు గండిలోంచి ఎక్కుతాయి. అప్పుడు మన కయ్యలూ పోతాయి, పల్లమూ పోతుంది. పల్లం వాళ్లు, మనం, మాల్యాద్రి, అందరూ చెయ్యేస్తేనే అయ్యే పని."

"మూసేస్తే మన పైరుకేం కాదు గదా?"

"ఎందుకు కాదు? గండి కింది కయ్యలు ఇసుక మేట వేస్తాయి. అందులో సగం మాల్యాద్రివి."

ఆమె తుంగపోచ పట్టుకుని చేపలను పైకి ఎత్తింది. బతికున్న చేప ఒక్కసారి తోక కొట్టింది. "వాడికి ఎవురు చెప్తారు?"

"నేనే చెప్పాల."

"నువ్వు చెప్తే తగూ అవుతుంది" అని ఆమె వంటింటి వైపు నడిచింది. "నాయన మాట విన్నది నువ్వు కాదు."

దీపాలు పెట్టే వేళకు ఇంట్లో పులుసు వాసన నిండింది. వెంకటశేషమ్మ తండ్రి పటం ముందు ఇంకో ఆకు వేసి, అన్నం పెట్టి, పులుసు పోసి, కాసేపు చేతులు కట్టుకుని నిలబడింది. ఏం చెప్పుకుందో జయరామయ్య వినలేదు. తర్వాత ఇద్దరూ తిన్నారు. ముల్లు తీసి తమ్ముడి ఆకులో ముక్క వేయడం ఆమెకు ఇప్పటికీ అలవాటే, ఆయన తల నెరిసినా. ఆ రోజు కూడా వేసింది. వాన తెరిపి ఇచ్చింది. పల్లం వైపునుంచి కప్పల అరుపు విడవకుండా వినపడుతోంది.

రేపు కట్ట మీదికి పోతున్నానని చెప్పాలని జయరామయ్యకు ఉంది. పోవడం లేదని చెప్పడానికీ నోరు ఉంది. రెండింటిలో ఏది బయటికి వస్తుందో ఆయనకే తెలియలేదు. నడుము నొప్పిగా ఉంది. తన పైరు పొట్ట మీద ఉంది. ఇంకో నెలన్నర ఆగితే కోతకొస్తుంది. పొద్దున్నే నీళ్లలో నడిచి వచ్చే తమ్ముడి కోపం ఎట్లా ఉంటుందో చిన్నప్పటినుంచి తెలుసు. ఏమీ చెప్పకుండానే మంచం మీద వాలాడు.

వెంకటశేషమ్మ అంట్లు కడిగి, పొయ్యి అలికి, లాంతరు పట్టుకుని వసారాలోకి వచ్చింది. ఒక వానాకాలంలో పార పోయినప్పటినుంచి ప్రతి సాయంత్రం ఆమె వసారాలో పార లోపలికి తెచ్చి తలుపు మూల పెడుతుంది. ఆ అలవాటు జ్వరంలో కూడా తప్పలేదు. పార నేల మీద ఈడ్చే చప్పుడు కోసం జయరామయ్య తెలియకుండానే ఎదురుచూశాడు.

చప్పుడు రాలేదు. ఆమె లోపలి గదిలోకి పోయింది. అక్కడ అటక కింద, తండ్రి పోయినప్పటినుంచి ఎవరూ ముట్టని ఆయన పార ఉంది. దాన్ని తెచ్చింది. లాంతరు కింద పెట్టి, తుప్పు పట్టిన అంచును ఇటుకముక్కతో రుద్దింది. చేతుల రాపిడికి నున్నబడ్డ కొయ్య కామను కొంగుతో తుడిచింది. తర్వాత రెండు పారలనూ పక్కపక్కన, కామలు పైకి ఉండేట్టు, వసారా స్తంభానికి ఆనించింది.

జయరామయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. ఒక పార తనకని తెలిసింది. రెండోది తెల్లారి వచ్చే మాల్యాద్రి చేతికా, లేక ఈ వయసులో అక్కే పట్టుకోవడానికా?

"అక్కా..."

"పండుకో అబ్బయ్యా. పొద్దున్నే లెయ్యాల" అని ఆమె లోపలికి వచ్చి, గడియ కిర్రుమనకుండా వేలు అడ్డం పెట్టి, మెల్లగా తలుపు మూసింది.